బాల్టిక్ క్రూయిజ్‌కి ఇద్దరూ కలిసి వెళ్తున్నారా? ముందు రేవు పేరు చూడండి

ఉత్తర యూరప్‌లోని బాల్టిక్ సముద్రం మీద ఊరూరా తిప్పే క్రూయిజ్‌ల బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో "బెర్లిన్" అని ఉంటుంది. షిప్ ఆగేది మాత్రం వార్నెముండె రేవులో. అక్కణ్ణించి బెర్లిన్‌కి రైల్లో దాదాపు మూడు గంటలు. "గ్డాన్స్క్" అని రాసి గ్డీనియాలో ఆపుతారు. "స్టాక్‌హోమ్" అన్నప్పుడు కొన్ని షిప్పులు ఊరి నడిబొడ్డున, కొన్ని సుమారు 60 కిలోమీటర్ల అవతల నీనెస్‌హామ్న్‌లో ఆగుతాయి. మీ చేతిలో ఉండేది ఒక్కో ఊళ్లో ఎనిమిది, పది గంటలు. అందులో ఎంతసేపు ఊరు చూస్తారు, ఎంతసేపు బస్సులో కూర్చుంటారు అన్నది ఆ రేవును బట్టే తేలుతుంది. కాబట్టి డబ్బు కట్టే ముందే ప్రతి ఊరికీ మూడు సంగతులు రాసుకోండి: రేవు పేరు, షిప్ ఆగే గంట, కదిలే గంట. రేవు పేరు కంపెనీ వెబ్‌సైట్లో దొరక్కపోతే ఆ ఊరి పోర్టు వాళ్ల వెబ్‌సైట్లో షిప్పుల పట్టిక ఉంటుంది. షిప్ పేరు, తేదీ వెతికితే ఏ బెర్తో (రేవులో షిప్‌ని కట్టే చోటు) కనిపిస్తుంది.

ఎప్పుడు, ఏ రూటు

సీజన్ మే నెలాఖరు నుంచి సెప్టెంబరు మొదటి వారాల వరకు. జూన్ 21 ప్రాంతంలో హెల్సింకిలో పగలు దాదాపు 19 గంటలు, రాత్రి పదిన్నరకి కూడా వెలుతురే. ఫొటోలకి, డెక్ మీద కూర్చోడానికి అంతకన్నా మంచి కాలం లేదు. ఒక్క జాగ్రత్త. స్వీడన్‌లో మిడ్‌సమ్మర్ పండగ జూన్ 19, 25 మధ్య వచ్చే శుక్రవారం. ఫిన్లాండ్‌లోనూ అదే వారాంతం. లాట్వియా, ఎస్టోనియాల్లో జూన్ 23, 24 తేదీలు సెలవు. ఆ రోజుల్లో జనం పల్లెలకీ సముద్రతీరాలకీ వెళ్లిపోతారు, చాలా దుకాణాలూ హోటళ్లూ మూసేస్తారు. మీ షిప్ ఆ రోజున స్టాక్‌హోమ్‌లోనో హెల్సింకిలోనో ఉంటే వేరే వారం చూసుకోవడం మేలు.

పాత పుస్తకాలూ వీడియోలూ ఈ రూటులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌నే ముఖ్యంగా చెబుతాయి. 2022 నుంచి పెద్ద క్రూయిజ్ కంపెనీలు అక్కడికి వెళ్లడం మానేశాయి. ఇప్పుడు ఏడు నుంచి పది రాత్రుల రూటు ఎక్కువగా కోపెన్‌హాగెన్‌లోనో స్టాక్‌హోమ్‌లోనో మొదలై హెల్సింకి, టాలిన్, రీగా, విస్బీ, గ్డీనియా, వార్నెముండెల్లో కొన్నిటిని కలుపుకుంటుంది. మొదటిసారి వెళ్లే జంటకి మా సలహా: స్టాక్‌హోమ్, టాలిన్ రెండూ ఉన్నదే తీసుకోండి. మిగతావి అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఎక్కే బాల్టిక్ క్రూయిజ్‌లు కూడా ఉన్నాయి. వాటికి షెంగెన్ వీసాతో (యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) పాటు బ్రిటన్ వీసా కూడా కావాలి. పైగా రానూపోనూ ఉత్తర సముద్రంలోనే రెండు మూడు రోజులు పోతాయి. భారత్ నుంచి వెళ్లేవాళ్లకి అది లాభం కాదు.

వీసా: నాలుగైదు నెలల ముందే

డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా, పోలండ్, జర్మనీ అన్నీ షెంగెన్ దేశాలే కాబట్టి ఒక్క వీసా చాలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. వేసవికి అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి గనక ఆలస్యం చేయకండి. ఫీజు పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి 90 యూరోలు, వీసా అప్లికేషన్లు తీసుకునే విఎఫ్ఎస్ కంపెనీ సర్వీస్ చార్జి వేరు.

ఏ దేశానికి అప్లై చేయాలన్నది చాలామందిని తికమక పెట్టే ప్రశ్న. ఎక్కువ రోజులు ఉండే దేశానికి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. షిప్ ఎక్కే ముందు కోపెన్‌హాగెన్‌లో రెండు రాత్రులు, దిగాక ఒక రాత్రి హోటల్ బుక్ చేసుకుంటే లెక్క డెన్మార్క్ వైపు మొగ్గుతుంది, అనుమానానికి తావుండదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారినంత మాత్రాన జర్మనీకి అప్లై చేయక్కర్లేదు. కానీ పాస్‌పోర్టు తనిఖీ, వేలిముద్రలు, ఫొటో అన్నీ అక్కడే అవుతాయి. 2025 అక్టోబరులో యూరప్ సరిహద్దుల్లో మొదలైన కొత్త ఎంట్రీ ఎగ్జిట్ పద్ధతి వల్ల క్యూలు పెరిగాయి. మధ్యలో కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా టికెట్ తీసుకోండి.

కాగితాల్లో మామూలుగా అడిగేవాటితో పాటు ఇవి చూసుకోండి. క్రూయిజ్ కన్ఫర్మేషన్‌లో ఇద్దరి పేర్లూ, రోజువారీ రేవుల పట్టికా ఉండాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అది వీసా కోసం. షిప్ మీద డాక్టర్ ఫీజు డాలర్లలో పడుతుంది, సముద్రం మధ్య నుంచి ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఖర్చు చాలా ఎక్కువ. అందుకని "క్రూయిజ్ కవర్" అని విడిగా రాసి ఉన్న పాలసీయే తీసుకోండి. ఇద్దరిలో ఒకరికే సంపాదన ఉంటే స్పాన్సర్ లెటర్, మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేయండి.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్లకి వచ్చే చిక్కు వేరు. మనకి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. పెళ్లయ్యాక కూడా భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉండొచ్చు. అందులో తప్పేమీ లేదు, కానీ విమానం టికెట్, క్రూయిజ్ బుకింగ్, వీసా మూడింట్లోనూ పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే ఉండాలి. ఏజెంటు ఇద్దరికీ భర్త ఇంటిపేరే వేసేస్తాడు. కన్ఫర్మేషన్ రాగానే అక్షరం అక్షరం సరిచూడండి. టెర్మినల్ కౌంటర్ దగ్గర పేరు కలవకపోతే షిప్ ఎక్కనివ్వరు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఒక మాట. భారత పాస్‌పోర్టు ఉంటే గ్రీన్‌కార్డు ఉన్నా, హెచ్1బి ఉన్నా షెంగెన్ వీసా కావాల్సిందే. హెచ్1బి మీద ఉన్నవాళ్లు తిరిగి వచ్చేటప్పటికి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

క్యాబిన్

బాల్టిక్ చుట్టూ నేల ఉన్న సముద్రం కాబట్టి వేసవిలో అలలు తక్కువ. కళ్లు తిరుగుతాయని భయం ఉన్నవాళ్లు కింది డెక్కుల్లో, షిప్ మధ్యభాగంలో క్యాబిన్ తీసుకుంటే ఊపు ఇంకా తగ్గుతుంది. అవోమిన్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడిగి, షిప్ కదలక ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు.

ఈ రూటులో బాల్కనీకి పెట్టే డబ్బు వృథా కాదు, స్టాక్‌హోమ్ ద్వీపాల మధ్య నుంచి వెళ్లే ఆ కొన్ని గంటల కోసమైనా. బడ్జెట్ కుదరకపోతే లోపలి క్యాబిన్ తీసుకుని పై డెక్ మీదికి వెళ్లండి. జూన్‌లో తెల్లవారుజామున నాలుగింటికే ఎండ వచ్చేస్తుంది కాబట్టి నిద్రకి చీకటి క్యాబినే నయం కూడా. కిటికీ ఉన్న క్యాబిన్ చవగ్గా వస్తోందంటే డెక్ ప్లాన్ తెరిచి చూడండి. బయట లైఫ్‌బోట్ వేలాడుతుంటే కిటికీలో కనిపించేది అదొక్కటే.

టికెట్ ధర కాక రోజువారీ టిప్స్ ఉంటాయి. మనిషికి రోజుకి 18 డాలర్లనుకుంటే ఇద్దరికి ఏడు రాత్రులకి 252 డాలర్లు. వైఫై, కూల్‌డ్రింకులు చాలా కంపెనీల్లో విడిగా కట్టాలి. బుక్ చేసేటప్పుడే అవి కూడా కలిపి లెక్క వేసుకోండి.

సామాను, తిండి

ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్ ఇంట్లోనే వదిలేయండి. షిప్ మీద అగ్నిప్రమాదం అన్నిటికన్నా పెద్ద భయం. సామాను స్కానింగ్‌లో ఇవి కనబడితే తీసి పక్కన పెట్టేస్తారు, చివరి రోజు వరకు ఇవ్వరు. దాని కోసం మీ పెట్టె కూడా సాయంత్రం దాకా ఆగిపోవచ్చు.

పచ్చళ్ల సంగతి. బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. కాబట్టి నెయ్యి, కోవా, పాలతో చేసిన స్వీట్లు, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్లలో తీసుకెళ్లండి. ఇంట్లో డబ్బాకెత్తినవి షిప్ ఎక్కేటప్పుడు ఆపేస్తారు. సూట్‌కేసులో బట్టల మధ్య సీసా పెట్టకండి, పట్టుచీర పాడైపోతుంది.

శాకాహారులు బుక్ చేసినప్పుడే "ఇండియన్ వెజిటేరియన్" అని నమోదు చేయించాలి. ఎక్కిన రోజు సాయంత్రం డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌ని కలిసి రేపటి భోజనానికి పప్పు, కూర, అన్నం చేసిపెట్టగలరా అని అడగండి. షిప్పుల్లో భారతీయ సిబ్బంది చాలామందే ఉంటారు, ఒక రోజు ముందు చెబితే ఏర్పాటు చేస్తారు. అప్పటికప్పుడు అడిగితే ఉడికించిన కూరముక్కలే దిక్కు. ఒడ్డు మీద హోటళ్లలో "వెజ్" అని ఊరుకోకండి. మాంసం, చేప, గుడ్డు మూడూ వద్దని విడివిడిగా చెప్పాలి. ఇద్దరికే టేబుల్ కావాలంటే అది కూడా మొదటి సాయంత్రమే అడగాలి, ఆ టేబుళ్లు తక్కువ.

బట్టల విషయానికొస్తే జూలైలో కూడా పగలు 20 డిగ్రీల దగ్గరే, డెక్ మీద గాలి చలిచలిగా ఉంటుంది. ఒక్క లావు కోటు కన్నా పల్చటి స్వెటరు, దాని మీద వాన ఆపే జాకెట్ మేలు. ఫార్మల్ నైట్‌కి పట్టుచీర, శాలువా చక్కగా సరిపోతాయి. చెప్పులు కాదు, అరిగిపోని సోల్ ఉన్న బూట్లు. టాలిన్ పాత ఊరంతా గుండ్రాళ్లు పరిచిన వీధులే, వాన పడితే జారతాయి.

డబ్బు, ఫోను

ఫిన్లాండ్, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా, జర్మనీల్లో యూరో. డెన్మార్క్, స్వీడన్, నార్వేల్లో మూడు వేర్వేరు క్రోన్‌లు. పోలండ్‌లో జ్లోటీ. ఇన్ని నోట్లు మార్చుకోకండి. స్వీడన్‌లో చాలా చోట్ల నగదు అసలు తీసుకోరు, కార్డే. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో ఇద్దరి కార్డులకీ ఇంటర్నేషనల్ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేయండి, పిన్ గుర్తుంచుకోండి. మెషిన్ మీద "రూపాయల్లో కట్టాలా, క్రోనల్లోనా" అని వస్తే క్రోనలే నొక్కండి. రూపాయలంటే వాళ్ల మారకం రేటు పడుతుంది, అది ఎప్పుడూ నష్టమే.

షిప్ ఒడ్డు వదలగానే ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే షిప్ మీది శాటిలైట్ నెట్‌వర్క్‌కి తనంతట తనే తగులుకుంటుంది, ఆ బిల్లు మామూలుగా ఉండదు. రేవుల్లో వాడుకోవడానికి యూరప్ మొత్తానికి పనిచేసే ఈసిమ్ ఒక్కటి చాలు.

గడియారం విషయం గట్టిగా పట్టుకోండి. స్వీడన్, డెన్మార్క్, పోలండ్, జర్మనీ ఒక టైము. ఫిన్లాండ్, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా దానికన్నా గంట ముందు. స్టాక్‌హోమ్ నుంచి హెల్సింకి వెళ్లే రాత్రి గడియారం గంట ముందుకి జరుగుతుంది. షిప్‌లో ఏ టైము నడుస్తోందో, షిప్ వాళ్లు రోజూ ఇచ్చే కార్యక్రమాల కాగితంలో వేస్తారు. ఒకరి ఫోను ఆటోమేటిక్‌గా, ఒకరి చేతి గడియారం షిప్ టైములో ఉంచుకుంటే పొరపాటు జరగదు.

ఎక్కే రోజు

కనీసం ఒక రోజు ముందు ఆ ఊరు చేరండి. హైదరాబాద్ నుంచి కోపెన్‌హాగెన్‌కి దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా మారి వెళ్లాలి. అదే రోజు దిగి ఎక్కుదామనుకుంటే, ఒక్క విమానం ఆలస్యమైనా షిప్ ఆగదు. పెట్టె తప్పిపోతే అది మీ వెనకాల ఒక్కో రేవూ తిరుగుతూ వస్తుంది.

కోపెన్‌హాగెన్‌లోనూ రేవులు వేరు వేరు. లాంగెలీనియె అయితే లిటిల్ మెర్మెయిడ్ బొమ్మకి నడిచి వెళ్లొచ్చు. ఓషన్‌కై అయితే ఊరికి దూరం. దగ్గర్లోని మెట్రో స్టేషన్ ఓరియంట్‌కై, నడిస్తే కిలోమీటరు పైనే. పెట్టెలతో ఇద్దరున్నప్పుడు హోటల్ నుంచి టాక్సీయే సుఖం. డ్రైవర్‌కి "క్రూయిజ్ టెర్మినల్" అంటే చాలదు, రేవు పేరు చెప్పండి.

పెద్ద పెట్టెలు టెర్మినల్ బయటే తీసుకుంటారు, క్యాబిన్‌కి చేరేసరికి సాయంత్రం అవుతుంది. మందులు, పాస్‌పోర్టులు, చార్జర్లు, ఒక జత బట్టలు చేతి సంచీలో ఉంచుకోండి. షిప్ కదిలే ముందు సేఫ్టీ డ్రిల్‌కి ఇద్దరూ హాజరు కావాలి. భారత పాస్‌పోర్టులని కొన్ని కంపెనీలు ప్రయాణం అయ్యేదాకా తమ దగ్గరే ఉంచుకుంటాయి, కంగారు పడక్కర్లేదు. ఫొటో పేజీ, వీసా పేజీ జిరాక్సులు ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి.

ఊరూరా ఏం చేయాలి

స్టాక్‌హోమ్ చేరే రోజు అలారం పెట్టుకుని, షిప్ ఆగడానికి మూడు గంటల ముందే డెక్ ఎక్కండి. నగరం చుట్టూ సుమారు 30,000 ద్వీపాలూ తిప్పలూ ఉన్నాయి. అంత పెద్ద షిప్ వాటి మధ్య సన్నని దారిలో నెమ్మదిగా మలుపులు తిరుగుతుంది. రెండు పక్కలా నున్నటి బూడిదరంగు రాళ్లు, పైన్ చెట్లు, ఎర్ర రంగు చెక్క ఇళ్లు, ఒక్కో ఇంటి ముందు ఒక్కో చిన్న పడవ. మనుషులు కాఫీ కప్పుతో బయటికొచ్చి చెయ్యూపుతుంటే ముఖాలు కూడా కనిపిస్తాయి. నీనెస్‌హామ్న్‌లో ఆగే షిప్పులకి ఈ దారి చాలావరకు తప్పిపోతుంది. అందుకే మొదట్లో రేవు పేరు చూడమన్నది.

ఊరి నడిబొడ్డున ఉన్న స్టాడ్స్‌గోర్డెన్ రేవులో ఆగితే స్లుస్సెన్ వరకు నడిచి, అక్కణ్ణించి యూర్గోర్డెన్ దీవికి వెళ్లే ఫెర్రీ ఎక్కండి. ముందు వాసా మ్యూజియం. వేసవిలో ఎనిమిదిన్నరకే తెరుస్తారు, పది దాటితే టూరు బస్సుల జనం. 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే, బయల్దేరి సుమారు 1,300 మీటర్లు పోయేసరికి మునిగిన వాసా అనే యుద్ధనౌక ఇందులో ఉంది. పైన బరువు ఎక్కువై, గాలికి ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు చొరబడ్డాయి. 333 ఏళ్ల తర్వాత 1961లో పైకి తీశారు. చెక్క పాడవకుండా లోపల మసక వెలుతురు, చల్లదనం ఉంచుతారు, స్వెటరు చేతిలో ఉండాలి. ముందు కింది అంతస్తుకి దిగి అడుగుభాగం చూసి, తర్వాత మెట్లెక్కి వెనక భాగంలోని చెక్కడాలు చూడండి. రెండు గంటలు చాలు. మధ్యాహ్నం పాత ఊరు గామ్లా స్టాన్ వీధుల్లో తిరిగి షిప్‌కి నడిచే వచ్చేయొచ్చు.

నీనెస్‌హామ్న్‌లో అయితే లోకల్ రైలు గంట పడుతుంది. వాసా, గామ్లా స్టాన్ రెండే పెట్టుకోండి, మూడోది వద్దు.

టాలిన్‌లో షిప్ నుంచి పాత ఊరికి నడక పావుగంట, ఇరవై నిమిషాలు. బస్సు అక్కర్లేదు. ఇక్కడ ఒక చిట్కా ఉంది. షిప్ టూరు బస్సులు పొద్దున్నే జనాన్ని కొండ మీద తూంపెయాలో దింపుతాయి, వాళ్లు కిందికి దిగుతూ వస్తారు. మీరు కింది నుంచి మొదలుపెట్టండి. లావాటి మార్గరెట్ బురుజు పక్క ద్వారంలోంచి పిక్ వీధి పట్టుకుని టౌన్‌హాల్ చౌక్‌కి చేరితే తొమ్మిదింటికి అక్కడ ఖాళీగా ఉంటుంది. చౌక్ మూలన ఉన్న మందుల దుకాణం 1422 నాటికే నడుస్తున్నట్టు రికార్డులు ఉన్నాయి, ఇప్పటికీ మందులు అమ్ముతారు. భోజనం అయ్యాక తూంపెయా ఎక్కండి. కోహ్టూఒట్సా వ్యూపాయింట్ తూర్పు వైపు చూస్తుంది. పొద్దున ఎండ కెమెరాకి ఎదురు, మధ్యాహ్నం వీపు వెనక. ఎర్ర పెంకుల కప్పులు, చర్చి శిఖరాలు, ఆ వెనక మీ షిప్ అన్నీ ఒకే ఫొటోలో పడతాయి.

హెల్సింకిలో మార్కెట్ స్క్వేర్ నుంచి సుఒమెన్‌లిన్నా కోట దీవికి ఫెర్రీ పావుగంట. సిటీ బస్సు టికెట్టే దానికీ చెల్లుతుంది. గాలి బాగా వీస్తే దీవి మానేసి, బండరాయిని తొలిచి కట్టిన తెంప్పెలియౌకియో చర్చికి వెళ్లండి. రీగాలో రేవు నుంచి పాత ఊరికి నడిచిపోవచ్చు. అల్బెర్టా వీధిలో ఇళ్ల ముఖభాగాల శిల్పాలు, జెప్పెలిన్ల (పాతకాలపు పెద్ద గాలి ఓడలు) షెడ్లలో పెట్టిన సెంట్రల్ మార్కెట్ తప్పనిసరి. విస్బీలో కోటగోడ పక్కనే నడుస్తూ ఒక పూట హాయిగా గడిచిపోతుంది, టూరు కొనొద్దు.

గ్డీనియాలో దిగితే స్టేషన్‌కి టాక్సీ, అక్కణ్ణించి గ్డాన్స్క్‌కి లోకల్ రైలు నలభై నిమిషాలు. వార్నెముండెలో మాత్రం బెర్లిన్ టూరు మానుకోండి. షిప్ అక్కడ పన్నెండు గంటలు ఆగినా ఆరు గంటలు దారిలోనే పోతాయి, మిగిలిన ఆరింట్లో బ్రాండెన్‌బుర్గ్ గేటు దగ్గర ఫొటో, గోడ ముక్క దగ్గర ఫొటో. స్టేషన్ రేవు పక్కనే. ఇరవై నిమిషాల్లో రోస్టాక్ వెళ్లొచ్చు, లేదా బాడ్ డోబెరాన్‌లో 1886 నుంచి నడుస్తున్న మోల్లీ ఆవిరి రైలు ఎక్కొచ్చు. బెర్లిన్‌కి ఇంకోసారి విడిగా రెండు రోజులు పెట్టుకోండి.

తిరిగి షిప్‌కి

షిప్ కదిలే టైము వేరు, అందరూ ఎక్కాల్సిన టైము వేరు. రెండోది అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. సొంతంగా తిరిగేటప్పుడు ఆ రెండో టైముకి గంటన్నర ముందు రేవు చేరేలా రైలు చూసుకోండి. నీనెస్‌హామ్న్, గ్డీనియా లాంటి చోట్ల రెండు గంటలు. కంపెనీ టూరులో ఆలస్యమైతే షిప్ మీకోసం ఆగుతుంది, సొంతంగా వెళ్తే ఆగదు. అందుకే నడిచే దూరంలో ఉన్న ఊళ్లకి సొంతంగా, మూడు గంటల దూరం పోయేటప్పుడు కంపెనీ టూరుకి వెళ్లడం తెలివైన పద్ధతి. రోజువారీ కాగితంలో ఆ రేవు ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది. దిగే ముందు ఇద్దరూ ఫొటో తీసుకోండి. షిప్ తప్పిపోతే మొదటి ఫోన్ వాళ్లకే. తర్వాతి రేవుకి వెళ్లే ఖర్చు మీదే.

దిగే ముందు రాత్రి పదీ పదకొండు గంటలకల్లా పెట్టెలు గది బయట పెట్టమంటారు. మర్నాటి బట్టలు, మందులు పెట్టెలో పెట్టేయకండి. విమానం మధ్యాహ్నం తర్వాతదే తీసుకోండి. ట్యాక్స్ రీఫండ్ కాగితాలుంటే, పెట్టెలు హైదరాబాద్ దాకా చెకిన్ చేసే విమానాశ్రయంలోనే, చెకిన్‌కి ముందు కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి. కొన్న వస్తువు చూపించమంటారు, కాబట్టి అది పెట్టెలో పైనే ఉండాలి.